ఆకర్షణా, అర్హతా? నిజాంపేట పరిసరాల ఓటు చెబుతున్నదేమిటి

పోలింగ్ కేంద్రంలో అట్టముక్కల చాటున ఉండే బ్యాలెట్ యూనిట్‌ మీద అభ్యర్థి గురించి ఓటరుకు కనిపించేవి మూడే: పేరు, ఫొటో, గుర్తు. ఫొటో కూడా 2015 మే తర్వాతి ఎన్నికల నుంచే వచ్చింది. ఒకే పేరున్న ఇద్దరు ముగ్గురిని నిలబెట్టి ఓటరును తికమకపెట్టే ఎత్తులకు విరుగుడుగా ఎన్నికల సంఘం దాన్ని చేర్చింది. అభ్యర్థి ఏం చదివాడో, అంతకుముందు ఏ పని చేశాడో, ఆ పని ఎలా చేశాడో ఆ యంత్రం మీద ఎక్కడా ఉండదు.

ఆ వివరాలు ఉండేది ఫారం 26 అనే అఫిడవిట్‌లో. 2002, 2003 సంవత్సరాల్లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులతో అభ్యర్థులు తమ కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు వెల్లడించక తప్పని పరిస్థితి వచ్చింది. ఏ కోర్సు, ఏ సంస్థలో, ఏ సంవత్సరంలో పూర్తి చేశారో అందులో రాయాలి. రిటర్నింగ్ అధికారి కార్యాలయం నోటీసు బోర్డు మీదా, ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లోనూ అది ఎవరికైనా దొరుకుతుంది. అంటే ముఖం ఓటరు ముందుకు దానంతటదే వస్తుంది, అర్హతను మాత్రం ఓటరే వెతుక్కుంటూ వెళ్లాలి. ఆ వెతుకులాట ఎంతమంది చేస్తున్నారు, చేసినవారి ఓటు దానివల్ల మారుతోందా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

నిజాంపేటే ఎందుకు

కేపీహెచ్‌బీ, మియాపూర్, బాచుపల్లి నడుమ ఉన్న నిజాంపేట సైబరాబాద్ ఐటీ ఉద్యోగుల నివాస ప్రాంతంగా పెరిగింది. 2019లో నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ పంచాయతీలను కలిపి మున్సిపల్ కార్పొరేషన్ చేశారు. 33 వార్డులకు తొలి ఎన్నికలు 2020 జనవరిలో జరిగాయి. అసెంబ్లీకి ఇది కుత్బుల్లాపూర్ నియోజకవర్గంలోనూ, లోక్‌సభకు మల్కాజిగిరిలోనూ ఉంది. రోడ్డు దాటితే కూకట్‌పల్లి, కొంచెం ముందుకెళితే శేరిలింగంపల్లి.

డిగ్రీలు, ఇంటర్వ్యూలు, అప్రైజళ్ల మధ్య బతికే జనం ఎక్కువగా ఉన్న చోటు కాబట్టి, నాయకుడి అర్హతకు ఓటు పడాలంటే ఇక్కడే పడాలి అన్నది చాలామంది ఊహ. అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఎన్నికల ముందు తిరిగే మాటా ఇదే: చదువుకున్నవాళ్లను గెలిపించుకుందాం. ఊహ సహజమైనదే. ఫలితాలు దానికి ఎంతవరకు మద్దతిస్తాయో చూడాలి.

ఇక్కడ అర్హత అంటే చదువు, పాలనానుభవం, వృత్తిలో సంపాదించుకున్న పేరు. జనాకర్షణ అంటే మాక్స్ వెబర్ చెప్పిన అర్థంలో, ఈ వ్యక్తిలో మామూలు మనుషుల్లో లేనిదేదో ఉందని అనుచరులకు కలిగే నమ్మకం. మన దగ్గర అది సినిమా పేరుతో, కుటుంబం పేరుతో, మాటకారితనంతో వస్తుంది. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు. ఆ చిక్కు ఈ పరిశీలన పొడవునా వెంట వస్తుంది.

2009: పక్కపక్కనే రెండు తీర్పులు

అర్హతకు ఓటు పడుతుందని వాదించేవారి దగ్గరున్న బలమైన ఉదాహరణ కూకట్‌పల్లి. 2009లో అక్కడ లోక్‌సత్తా అధ్యక్షుడు జయప్రకాశ్ నారాయణ గెలిచారు. ఆయన గుంటూరు వైద్య కళాశాలలో చదివిన డాక్టరు, మాజీ ఐఏఎస్ అధికారి. 1996లో ఉద్యమంగా మొదలుపెట్టిన లోక్‌సత్తాను 2006 అక్టోబరులో పార్టీగా మార్చారు. ఏ పెద్ద పార్టీ తోడు లేకుండా, కాంగ్రెస్, కొత్తగా వచ్చిన ప్రజారాజ్యం బరిలో ఉండగా, సుమారు 15 వేల ఆధిక్యంతో ఆయన గెలవడం చిన్న విషయం కాదు.

అయితే అవే ఎన్నికల్లో, అదే రాష్ట్రంలో లోక్‌సత్తా అభ్యర్థులు చాలాచోట్ల నిలబడ్డారు. వారిలోనూ చదువుకున్నవారు, వృత్తి నిపుణులు తక్కువేమీ కాదు. పార్టీకి రాష్ట్రం మొత్తం మీద వచ్చిన ఓట్లు రెండు శాతంలోపే, గెలిచిన సీటు ఒక్కటే. అర్హత ఒక్కటే ఓటు తెస్తే ఈ తేడా ఉండకూడదు. కూకట్‌పల్లిలో గెలిచింది అర్హతా, లేక ఆ అర్హతను ఏళ్ల తరబడి టీవీ చర్చల్లో, సభల్లో జనం ముందు పెట్టి సంపాదించుకున్న పేరా అని అడగాల్సి వస్తుంది. జయప్రకాశ్ నారాయణ మాట వినడానికి జనం ఆగేవారు. ఆయన విషయంలో అర్హత ఆకర్షణగా మారింది. ఆ మార్పు జరగని అభ్యర్థుల డిగ్రీలు అఫిడవిట్‌లోనే ఉండిపోయాయి.

నిజాంపేట ఓటర్లున్న కుత్బుల్లాపూర్‌లో ఆ ఏడాది తీర్పు మరోలా వచ్చింది. అక్కడ కూన శ్రీశైలం గౌడ్ స్వతంత్ర అభ్యర్థిగా గెలిచారు. పెద్ద పార్టీ టికెట్ లేదు, సినిమా పేరు లేదు, అఖిల భారత సర్వీసు నేపథ్యమూ లేదు. ఉన్నది స్థానిక బలం. ఒక్క రోడ్డు తేడాతో ఒకచోట మాజీ కలెక్టరు, ఇంకోచోట స్వతంత్రుడు గెలిచారంటే, ఆకర్షణ, అర్హత అనే రెండు పళ్లాలతో ఈ తూకం తేలదేమో అన్న అనుమానం ఇక్కడే మొదలవుతుంది.

2014: అర్హతలు బారులు తీరిన మల్కాజిగిరి

దేశంలో అత్యధిక ఓటర్లున్న లోక్‌సభ స్థానంగా పేరున్న మల్కాజిగిరిలో 2014 పోటీ ఈ ప్రశ్నకు దాదాపు పరీక్షలా కుదిరింది. లోక్‌సత్తా నుంచి జయప్రకాశ్ నారాయణ, వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి మాజీ డీజీపీ వి. దినేశ్ రెడ్డి, స్వతంత్రుడిగా ప్రొఫెసర్ కె. నాగేశ్వర్ నిలబడ్డారు. పాలన, శాంతిభద్రతలు, విద్యారంగం నుంచి ఒక్కొక్కరు వచ్చినట్టయింది. వీరికి ఎదురుగా తెలుగుదేశం తరఫున విద్యాసంస్థల అధినేత సీహెచ్ మల్లారెడ్డి, టీఆర్ఎస్ తరఫున మైనంపల్లి హనుమంతరావు, కాంగ్రెస్ తరఫున సిట్టింగ్ ఎంపీ సర్వే సత్యనారాయణ ఉన్నారు.

గెలిచింది మల్లారెడ్డి. ఆయనకు 5 లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి, రెండో స్థానంలో నిలిచిన హనుమంతరావు 30 వేల లోపు తేడాతో ఓడారు. జయప్రకాశ్ నారాయణకు సుమారు 1.58 లక్షల ఓట్లు పడ్డాయి. ఐదేళ్ల క్రితం ఆయన్ను అసెంబ్లీకి పంపిన కూకట్‌పల్లి కూడా ఈ లోక్‌సభ స్థానంలోని ఏడు సెగ్మెంట్లలో ఒకటి.

దీన్నిబట్టి ఓటర్లు అర్హతను కాదన్నారని రాసేయడం తొందరపాటు. అది రాష్ట్ర విభజన ముంగిట జరిగిన ఎన్నిక. సెటిలర్లుగా పిలిచే ఆంధ్ర ప్రాంత కుటుంబాలు తమ భద్రత కోసం ఏ పార్టీ వెనక నిలబడాలా అని లెక్కలు వేసుకుంటున్న సమయం. తెలుగుదేశం, బీజేపీ పొత్తులో ఉన్నాయి, దేశమంతా మోదీ గాలి వీస్తోంది. పైగా గెలిచే అవకాశం లేదనుకున్న అభ్యర్థికి వేస్తే ఓటు వృథా అవుతుందన్న భయం ప్రతి ఎన్నికలోనూ ఉండేదే. లక్షన్నర మంది ఆ భయాన్ని పక్కనపెట్టి వేశారన్నది గమనించాల్సిన సంగతి. అర్హతకు ఓటు ఉందని ఆ అంకె చెబుతోంది, ఆ ఓటు ఒక్కటే గెలిపించలేదని కూడా అదే చెబుతోంది.

అందరూ పట్టభద్రులే అయితే

ఓటర్లు చదువుకున్నవారైతే ఫలితం మారుతుందన్న వాదనను నేరుగా పరీక్షించడానికి మన దగ్గర ఒక వేదిక ఉంది. హైదరాబాద్-రంగారెడ్డి-మహబూబ్‌నగర్ పట్టభద్రుల మండలి స్థానంలో డిగ్రీ లేనివారికి ఓటే లేదు. బ్యాలెట్ మీద పార్టీ గుర్తులుండవు. ఓటరు స్కెచ్ పెన్నుతో అభ్యర్థుల పేర్ల ఎదురుగా 1, 2, 3 అని ప్రాధాన్యం రాస్తాడు. మొదటి ప్రాధాన్యం నచ్చినవారికిచ్చి, రెండోది గెలిచేవారికి ఇవ్వవచ్చు కాబట్టి, ఓటు వృథా అవుతుందన్న భయం ఇక్కడ చాలావరకు తగ్గుతుంది.

ఈ స్థానం నుంచి ప్రొఫెసర్ నాగేశ్వర్ 2007లోనూ, 2009లోనూ గెలిచారు. రెండుసార్లూ స్వతంత్రుడే, వామపక్షాల మద్దతు ఉంది. అర్హతకు ఓటు పడుతుందన్న వాదనకు ఇది గట్టి ఆధారం. 2015లో మాత్రం బీజేపీ అభ్యర్థి, న్యాయవాది ఎన్. రామచందర్ రావు గెలిచారు. 2021లో 93 మంది బరిలో ఉన్నారు. దినపత్రిక అంత బ్యాలెట్ పేపరు అచ్చువేయాల్సి వచ్చింది. టీఆర్ఎస్ అభ్యర్థి, పి.వి. నరసింహారావు కుమార్తె సురభి వాణీదేవి గెలిచారు. రామచందర్ రావు రెండో స్థానంలో, నాగేశ్వర్ మూడో స్థానంలో నిలిచారు.

వాణీదేవి విద్యాసంస్థలు నడిపినవారు, రామచందర్ రావు న్యాయవాది, నాగేశ్వర్ ఆచార్యుడు. ముగ్గురికీ అర్హతలున్నాయి. అర్హతలు సమానమైన చోట పార్టీ యంత్రాంగం, ఇంటిపేరు తేల్చాయన్నది ఒక వివరణ. పార్టీలు ఈ ఎన్నికను గతంకంటే పట్టుదలగా తీసుకోవడంతో స్వతంత్రులకు చోటు తగ్గిందన్నది మరో వివరణ. రెండూ నిజం కావచ్చు. ఒక చిన్న సంగతి కూడా ఉంది. అందరూ పట్టభద్రులే ఓటేసిన ఆ ఎన్నికలో చెల్లని ఓట్లు 20 వేలకు పైగా తేలాయి. ఓటేసేవారి డిగ్రీ ఓటు నాణ్యతకు హామీ అనుకునేవారు దీన్నీ గుర్తుంచుకోవాలి.

ఆకర్షణ లెక్క కూడా సూటిగా లేదు

జనాకర్షణకు తెలుగు నేల మీద ఎన్.టి. రామారావును మించిన ఉదాహరణ లేదు. 1982 మార్చిలో పార్టీ పెట్టి, తొమ్మిది నెలల్లో, 294 సీట్లున్న సభలో 200కు పైగా గెలిచారు. కానీ ఆ ఆకర్షణే 1989లోనూ ఉంది. ఆ ఏడాది తెలుగుదేశం 74 సీట్లకు పడిపోయింది, ఆయనే స్వయంగా కల్వకుర్తిలో ఓడిపోయారు. 1994లో అదే మనిషి ఆధ్వర్యంలో పార్టీ 216 సీట్లు తెచ్చుకుంది. మారని కారణంతో మారే ఫలితాన్ని వివరించలేం. కాంగ్రెస్ ముఖ్యమంత్రులను ఢిల్లీ వరసగా మార్చేయడం మీద పుట్టిన కోపం, రెండు రూపాయల కిలో బియ్యం, పాలన మీద పెరిగిన అసంతృప్తి, ఇవన్నీ కలిపితేనే ఆ మూడు ఫలితాలూ అర్థమవుతాయి.

2009లో చిరంజీవి ప్రజారాజ్యానికి దాదాపు 16 శాతం ఓట్లు వచ్చినా సీట్లు 18 దగ్గర ఆగిపోయాయి. చిరంజీవి తిరుపతిలో గెలిచి పాలకొల్లులో ఓడారు. 2019లో పవన్ కల్యాణ్ గాజువాక, భీమవరం రెండుచోట్లా ఓడారు, జనసేనకు దక్కింది రాజోలు ఒక్కటే. 2024లో తెలుగుదేశం, బీజేపీలతో కలిసి పోటీ చేసిన 21 అసెంబ్లీ స్థానాలనూ జనసేన గెలుచుకుంది. ఐదేళ్లలో పవన్ అభిమానం 21 రెట్లు పెరిగిందని ఎవరూ అనరు. మారింది పొత్తు, బూత్ స్థాయి యంత్రాంగం, ఎదుటి ప్రభుత్వం మీద వ్యతిరేకత.

నిజాంపేటకు దగ్గరి ఉదాహరణ 2018 కూకట్‌పల్లి. తండ్రి హరికృష్ణ రోడ్డు ప్రమాదంలో మరణించిన కొన్ని నెలలకే నందమూరి సుహాసిని తెలుగుదేశం తరఫున అక్కడ నిలబడ్డారు. నందమూరి పేరు, సానుభూతి, సెటిలర్ల ఓటు, ఆంధ్ర నుంచి వచ్చిన నాయకుల ప్రచారం, అన్నీ ఉన్నాయి. టీఆర్ఎస్ అభ్యర్థి మాధవరం కృష్ణారావు చేతిలో సుమారు 41 వేల తేడాతో ఓడిపోయారు. 2023లో అదే సీటును బీజేపీతో పొత్తులో జనసేన తీసుకుంది. మళ్లీ కృష్ణారావే గెలిచారు.

మూడో అంశం

ఇక్కడ ఒక వరస కనిపిస్తుంది. మాధవరం కృష్ణారావు కూకట్‌పల్లిలో, కె.పి. వివేకానంద కుత్బుల్లాపూర్‌లో, అరికెపూడి గాంధీ శేరిలింగంపల్లిలో 2014లో తెలుగుదేశం తరఫున గెలిచారు. తర్వాత టీఆర్ఎస్‌లో చేరి 2018లో గెలిచారు. 2023లో, బీఆర్ఎస్‌గా పేరు మార్చుకున్న టీఆర్ఎస్ రాష్ట్రంలో అధికారం పోగొట్టుకున్నా ముగ్గురూ గెలిచారు. వివేకానంద ఆధిక్యం 85 వేలు దాటింది, ఆ ఎన్నికల్లో రాష్ట్రంలోనే అత్యధికం అది. గుర్తు సైకిలు నుంచి కారుకు మారింది, మనుషులు మారలేదు. ముగ్గురిలో సినిమా ఆకర్షణ ఉన్నవారు లేరు, దేశం గుర్తించిన వృత్తి నేపథ్యం ఉన్నవారూ లేరు.

దీనికి ఒక వివరణ అందుబాటు. 2016 సెప్టెంబరు వానలకు నిజాంపేటలోని బండారి లేఅవుట్ రోజుల తరబడి నీటమునిగింది. సెల్లార్లలో నీళ్లు, కరెంటు లేదు, లిఫ్టు లేదు, తాగునీటికి ట్యాంకరు రావాలి. అలాంటప్పుడు అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షుడికి కావాల్సింది నాయకుడి డిగ్రీ కాదు, ఉపన్యాసమూ కాదు. ఫోను ఎత్తి, మోటార్లు పంపించగలిగే మనిషి. నాలా, రోడ్డు, మంజీరా నీళ్లు, రిజిస్ట్రేషన్ చిక్కులు ఉన్నచోట ఆ సామర్థ్యమే ఓటరు కంటికి అర్హతగా కనిపించే అవకాశం ఉంది.

ఇది వివరణే గాని రుజువు కాదు. ఆ విజయాల్లో సామాజిక సమీకరణాలకు, డబ్బుకు, చీలిన వ్యతిరేక ఓటుకు, నగరం మొత్తం మీద బీఆర్ఎస్‌కు దక్కిన మొగ్గుకు ఎంత వాటా ఉందో ఫలితాల పట్టిక విడదీసి చెప్పదు.

ప్రయోగాలు చెప్పేది

ముఖం మీద జరిగిన పరిశోధనలు ఇబ్బందికరమైన విషయం చెబుతాయి. 2005లో అలెగ్జాండర్ టొడొరోవ్ బృందం అమెరికా అభ్యర్థుల ఫొటోలను, వారెవరో తెలియనివారికి చూపించి, ఇద్దరిలో సమర్థుడిలా కనిపించేదెవరని అడిగింది. సెనేట్ పోటీల్లో దాదాపు 70 శాతం సందర్భాల్లో ఆ ఎంపికే అసలు విజేత. 2009లో జాన్ ఆంటొనాకిస్, ఒలాఫ్ డాల్గాస్ స్విట్జర్లాండ్‌లో చిన్నపిల్లలను ఓడ ప్రయాణానికి కెప్టెన్‌ను ఎంచుకోమంటే, వారి ఎంపికలూ ఫ్రాన్స్ ఎన్నికల ఫలితాలతో ఇంచుమించు అదే మోతాదులో సరిపోయాయి. 2010లో అచ్చయిన మరో అధ్యయనంలో మెక్సికో, బ్రెజిల్ అభ్యర్థుల ఫొటోలను చూసి అంచనా వేసినవారిలో భారతీయులూ ఉన్నారు. వారి అంచనాలూ ఊరికే వేసిన గాలిలెక్కలకంటే బాగా నిలిచాయి.

ఇందులో అసలు సంగతి, అడిగిన ప్రశ్న అందం గురించి కాదు, సామర్థ్యం గురించి. అంటే ఓటరు అర్హతను పట్టించుకోవడం లేదనలేం. పట్టించుకుంటూనే, దాన్ని అఫిడవిట్‌లో కాకుండా ముఖంలో చదువుతున్నాడేమో. అయితే ఇవి పోలికలే గాని కారణాలు కావు. గెలిచే చోట పార్టీలే చూడచక్కని వారికి టికెట్లు ఇస్తుండవచ్చు.

మరి సరైన సమాచారం ఇస్తే? 2008 ఢిల్లీ అసెంబ్లీ ఎన్నికల ముందు అభిజిత్ బెనర్జీ, రోహిణి పాండే తదితరులు మురికివాడల్లో ఎమ్మెల్యేల పనితీరు, అభ్యర్థుల చదువు, ఆస్తులు, కేసులున్న వార్తాపత్రిక పంచారు. పోలింగ్ కొంత పెరిగింది, బాగా పనిచేసిన ఎమ్మెల్యేలకు మేలు జరిగింది. కానీ తర్వాత మెటాకెటా పేరుతో పలు దేశాల్లో ఒకే పద్ధతిలో జరిపిన ప్రయోగాల్లో, సమాచారం ఇవ్వడం వల్ల సగటున ఓటు చెప్పుకోదగ్గంత మారలేదు. ఢిల్లీ ఫలితాన్ని నిజాంపేటకు అలాగే అతికించలేం.

ఇంకో ప్రశ్న: డిగ్రీ ఉన్న నాయకుడు బాగా పనిచేస్తాడా? ఇక్కడా ఆధారాలు ఏకాభిప్రాయంతో లేవు. టిమొతీ బెస్లీ తదితరులు 2011లో విద్యాధికులైన దేశాధినేతల హయాంలో ఆర్థిక వృద్ధి మెరుగన్నారు. నికొలస్ కార్న్స్, నోమ్ లూపు 2016లో విస్తృత సమాచారంతో పరిశీలించి, కాలేజీ డిగ్రీతో పెద్ద తేడా లేదన్నారు. రాహుల్ లాహోటి, సోహం సాహూ భారత ఎమ్మెల్యేల మీద చేసిన పనిలో, పట్టభద్రుడైన ఎమ్మెల్యే వల్ల నియోజకవర్గంలో చదువు సగటున మెరుగుపడినట్టు కనిపించలేదు, అభివృద్ధి చెందిన రాష్ట్రాల్లో మాత్రం కొంత మేలు తేలింది. హరియాణా పంచాయతీ పోటీకి కనీస చదువు తప్పనిసరి చేస్తే 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. అలాంటి నిబంధననే తెచ్చిన రాజస్థాన్ 2019లో దాన్ని ఎత్తేసింది. డిగ్రీని పట్టించుకోని ఓటరును అవివేకి అనడానికి ఈ ఆధారాలు చాలవు.

ఎంతవరకు నమ్మవచ్చు

పై ఉదాహరణలన్నీ నియోజకవర్గం స్థాయి అంకెలు. వాటినుంచి ఒక్కొక్క ఓటరు మనసు చదవబోతే పొరపాటు పడతాం. పైగా ఓటేసింది ఎవరన్న ప్రశ్న ఉంది. 2020 డిసెంబరు జీహెచ్ఎంసీ ఎన్నికల్లో సగంమంది కూడా ఓటేయలేదు. మల్కాజిగిరి లోక్‌సభ స్థానంలో 2019, 2024 ఎన్నికల్లో పోలింగ్ సగం దగ్గరే ఆగింది. నిజాంపేటలో ఉంటున్నవారిలో చాలామందికి ఓటు ఇంకా సొంతూళ్లోనే ఉంది. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పోలింగ్ ఒకేరోజు రావడంతో, ముందురోజుల్లో కూకట్‌పల్లి, మియాపూర్ బస్టాపులు ఆంధ్రకు వెళ్లేవారితో కిటకిటలాడాయి. చదువుకున్న ఐటీ ఓటరు ఇక్కడ ఇలా తీర్పిచ్చాడు అని రాసేముందు, ఆ ఓటరు ఆరోజు ఇక్కడ ఉన్నాడా అన్నది తేల్చుకోవాలి.

ఈ పరిమితులతో చెప్పగలిగింది ఇంత. అర్హత గాని, ఆకర్షణ గాని తనంతట తాను సీటు తెచ్చిన దాఖలా ఈ ప్రాంతంలో అరుదు. గెలవగలడన్న నమ్మకం, పిలిస్తే పలుకుతాడన్న నమ్మకం ఉన్నచోట రెండూ ఓట్లవుతున్నాయి, అవి లేనిచోట గౌరవంగానో అభిమానంగానో మిగిలిపోతున్నాయి. జయప్రకాశ్ నారాయణకు 2009లో కూకట్‌పల్లిలో గెలుస్తారన్న నమ్మకం తోడైంది, 2014లో మల్కాజిగిరి విస్తృతిలో అది తోడు కాలేదు. ఇది ప్రస్తుతానికి ఆధారాలకు సరిపోతున్న ఊహ మాత్రమే.

దీన్ని పరీక్షించే దారి ఉంది, ఖర్చు కూడా తక్కువే. 2009లోనూ, 2014లోనూ అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలు ఒకేరోజు జరిగాయి. ఒకే బూత్‌లో ఒకే ఓటరు రెండు బటన్లు నొక్కాడు. బూత్‌వారీ ఓట్ల లెక్క ఫారం 20లో ఉంటుంది. 2009లో కూకట్‌పల్లి బూతుల్లో జయప్రకాశ్ నారాయణకు పడిన ఓట్లకూ, అదే బూతుల్లో లోక్‌సత్తా లోక్‌సభ పోటీకి పడిన ఓట్లకూ ఉన్న తేడా చూస్తే, పార్టీని పక్కనపెట్టి మనిషికి పడిన ఓటెంతో కనీసం అంచనాకు వస్తుంది. 2014లో నిజాంపేట బూతుల్లో ఎంపీకి ఆయన్ను ఎంచుకున్నవారు ఎమ్మెల్యేకు ఎటు మొగ్గారో అదే పద్ధతిలో చూడవచ్చు. ఈ ప్రాంతం ఓటరు అర్హతను ఎంత తూచాడో చెప్పే సాక్ష్యం, ఉన్నంతవరకు, ఆ కాగితాల్లోనే ఉంది.